పసుపు చారలు కాదు, నడుము చూడండి: కాగితపు కందిరీగల గుర్తింపు, ఫొటోగ్రఫీ

“ఒళ్లంతా పసుపు, మధ్యలో నల్ల చారలు” అనగానే అందరికీ కందిరీగ గుర్తుకొస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఆ వర్ణన పూల మీద గాలిలో నిలబడి ఎగిరే ఈగలకూ సరిపోతుంది, పగటిపూట తిరిగే కొన్ని చిమ్మటలకూ సరిపోతుంది, కొన్ని పెంకుపురుగులకూ సరిపోతుంది. కుట్టే పురుగును ఒకసారి నోట కరుచుకుని బాధపడ్డ పక్షి మళ్లీ ఆ రంగు జోలికి పోదు. దాంతో ముల్లు లేని జీవులు కూడా అదే వేషం కట్టి తప్పించుకు తిరుగుతుంటాయి. నిజంగా ముల్లున్న వాటికీ ఈ ఏర్పాటు లాభమే. పది జాతులు ఒకే వేషంలో ఉంటే, పక్షి ఒక్కసారి నేర్చుకున్న పాఠం పదింటికీ పనికొస్తుంది. రంగు ఉన్నది శత్రువులను బెదిరించడానికి. మనకు జాతి పేరు చెప్పే బాధ్యత దానికి లేదు.

ఇంటి చూరు కింద, మోటారు షెడ్డులో, కంచె కంపలో, నిమ్మకొమ్మ చాటున బూడిదరంగు తుట్టె వేలాడదీసేవి కాగితపు కందిరీగలు. వీటిని ఫొటో తీసేవారికి కొదవ లేదు. ఫొటోలు బాగానే వస్తాయి కూడా: పెద్ద కళ్లు, మెరిసే రెక్కలు, వెనక మసకబారిన పచ్చదనం. తీరా తెలిసినవారి ముందు పెడితే “ఫలానా ప్రజాతి కావచ్చు” అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు. జాతి పేరు తేల్చే భాగం ఆ ఫొటోలో ఉండదు మరి. రెక్కల చాటున నడుము మరుగున పడి ఉంటుంది, ముఖం పక్కకు తిరిగి ఉంటుంది, తుట్టె సగం కోసేసి ఉంటుంది. కెమెరా ఖరీదు పెంచినంత మాత్రాన ఇది తీరదు. ఎక్కడ చూడాలో తెలిస్తే మధ్యరకం ఫోనుతోనే సగం పని అయిపోతుంది.

ముందు కందిరీగేనని తేల్చుకోవాలి

కందిరీగకు నాలుగు రెక్కలు, ఈగకు రెండు అని బడిలో చదువుకున్నాం. తోటలో ఆ సూత్రం అంతగా అక్కరకు రాదు. కందిరీగ వెనక రెక్క అంచున సన్నటి కొక్కేల వరుస ఉంటుంది. వాటితో ముందు రెక్కను పట్టుకుని నాలుగు రెక్కలనూ రెండుగా చేసుకుని ఎగురుతుంది కాబట్టి లెక్కపెట్టడానికి వీలుండదు. మీసాలు చూడటం తేలిక. పొడవుగా ఉండి, మొదట్లోనే ఒకచోట వంగి, ఎప్పుడూ కదులుతూ ఉంటే కందిరీగ అనుకోవచ్చు. కళ్ల మధ్య రెండు పొట్టి పిలకలు మాత్రమే కనిపిస్తే చాలావరకు అది ఈగే.

ఆ తర్వాత రెక్కలు ముడిచే తీరు. కాగితపు కందిరీగలు, పెద్ద కందిరీగలు, మట్టికుండలు కట్టే కందిరీగలు మూడూ వెస్పిడే అనే ఒకే కుటుంబానివి. ఈ కుటుంబానికి ఒక అలవాటు ఉంది. వాలగానే ముందు రెక్కను నిలువునా మడిచేసుకుంటాయి. పైనుంచి చూస్తే వీపుకు ఇరుపక్కలా రెండు సన్నటి పట్టీలు తప్ప రెక్క ఉన్నట్టే అనిపించదు. ముఖాన్ని ఎదురుగా చూస్తే కంటి లోపలి అంచున ఒక లోతైన నొక్కు ఉంటుంది. ఈ రెండూ కనిపిస్తే వెస్పిడే కుటుంబమని ధైర్యంగా చెప్పవచ్చు.

మన ఇళ్ల గోడల మీద, తలుపు మూలల్లో మట్టి మెత్తే నలుపు పసుపు కందిరీగ ఈ పరీక్షలో తప్పుతుంది. దాని పేరు సెలిఫ్రాన్. నడుము దారంలా సన్నగా, సాఫీగా, చాలా పొడవుగా ఉంటుంది. రెక్కలు మడవదు. సాలీళ్లను వేటాడి మట్టి గదుల్లో కుక్కుతుంది. మట్టితో చిన్న కుండల్లాంటి గూళ్లు కట్టే మరో రకం మాత్రం తికమక పెడుతుంది. అవి వెస్పిడేలే, రెక్కలు మడుస్తాయి, నడుమూ సన్నగానే ఉంటుంది. వాటి దవడలు చూడాలి. పొడుగ్గా, కత్తుల్లా, ముందుకు పొడుచుకొచ్చి ఒకదాని మీదుగా ఒకటి దాటి ఉంటాయి. కాగితపు కందిరీగ దవడలు పొట్టివి, వెడల్పైనవి. చెక్క గీకడానికి, పురుగును నమలడానికి అవే సరిపోతాయి.

భ్రమరకీటక న్యాయం అని మన పెద్దలు చెప్పేది మట్టిగూళ్ల కందిరీగల గురించే. కందిరీగ ఒక పురుగును తెచ్చి మట్టిగూటిలో మూసేస్తుంది, కొన్నాళ్లకు ఆ గూటిలోంచి కందిరీగ బయటికి వస్తుంది. కందిరీగనే తలచుకుంటూ తలచుకుంటూ పురుగు కందిరీగగా మారిపోయిందని వేదాంతులు దాన్ని ఉపమానంగా వాడుకున్నారు. వాళ్లు చూసినది అబద్ధం కాదు, కారణమే వేరు. లోపల కందిరీగ గుడ్డు కూడా ఉంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరిగింది. తల్లి గూడు మూసేసి తన దారిన తాను పోతుంది.

కాగితపు కందిరీగ అలా పోదు. దాని గదులు తెరిచే ఉంటాయి. గొంగళిపురుగును నమిలి ముద్ద చేసి రోజూ తెచ్చి పిల్లల నోట్లో పెట్టాలి. తెరిచి ఉన్న గదుల్లో మెత్తటి పిల్లలు ఉన్నాయంటే చీమల దగ్గర్నుంచి పక్షుల దాకా అందరి కన్నూ వాటి మీదే ఉంటుంది. కాపలా తప్పదు. ఒంటరిగా పువ్వు మీద కనిపించినప్పుడు మనల్ని పట్టించుకోని కందిరీగ తుట్టె దగ్గర అంత ఉలికిపాటుతో ఎందుకుంటుందో దీంతో అర్థమవుతుంది. ఫొటో తీసేవారు ఈ తేడాను మనసులో పెట్టుకుంటే చాలా కుట్లు తప్పుతాయి.

మూడు నడుములు

కాగితపు కందిరీగలన్నీ పోలిస్టినే అనే ఉపకుటుంబంలోకి వస్తాయి. తెలుగు నేల మీద ఎక్కువగా ఎదురయ్యే ప్రజాతులు పోలిస్టిస్, రోపాలిడియా. కాస్త చెట్టూచేమా దట్టంగా ఉన్న చోట్ల పారాపోలిబియా కోసం కూడా చూడవచ్చు. ఈ మూడింటినీ విడదీయడానికి రంగు అక్కర్లేదు, పక్కనుంచి తీసిన నీడచిత్రం చాలు.

పోలిస్టిస్ పొట్ట కదురు ఆకారంలో ఉంటుంది. ముందు సన్నగా మొదలై, నెమ్మదిగా వెడల్పై, మధ్యలో నిండుగా ఉండి, చివరికి మళ్లీ కొనదేరుతుంది. మొదటి ఖండం గరాటులా పైకి విచ్చుకుంటుందే గాని విడిగా కాడలా ఉండదు. ఒళ్లు పెద్దది, కాళ్లు పొడుగు. ఎగిరేటప్పుడు వెనక కాళ్లను వేలాడేసుకుని పోతుంది. ఇది దూరం నుంచే కనిపించే గుర్తు. మన దగ్గర తరచుగా కనిపించే పోలిస్టిస్ ఒలివేసియస్ లేత పసుపు రంగులో, సన్నటి ముదురు గీతలతో, రెండు సెంటీమీటర్ల పైచిలుకు పొడవుంటుంది. 1773లోనే స్వీడన్ శాస్త్రవేత్త డి గీర్ దీనికి పేరు పెట్టాడు.

రోపాలిడియా చిన్నది, ఒక సెంటీమీటరుకు కాస్త అటూఇటూ. దీని పొట్టలో మొదటి ఖండం స్పష్టమైన కాడ. ఆ వెంటనే రెండో ఖండం గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. ఈ రెండో ఖండంలో పై పలక, కింది పలక ఒకదానికొకటి అతుక్కుపోయి ఒక గట్టి డొల్ల ఏర్పడుతుంది. తర్వాతి ఖండాలు చాలావరకు దాని లోపలికి ముడుచుకుపోతాయి. అందుకే మామూలుగా చూస్తే పొట్ట అంటే ఆ ఒక్క గుండే అనిపిస్తుంది. పొట్ట చివర కదిలించినప్పుడో, కుట్టబోయినప్పుడో మిగతా ఖండాలు బయటికి సాగుతాయి. ఫొటోలో ఈ కాడ, గుండు స్పష్టంగా ఉంటే ప్రజాతి విషయంలో వాదన అక్కర్లేదు. వీటిలో బాగా తెలిసినది రోపాలిడియా మార్జినేటా. ముదురు ఎరుపు కలిసిన గోధుమరంగు ఒళ్లు, అక్కడక్కడా పసుపు చుక్కలు, పొట్ట మీద పసుపు ఉంగరం.

పారాపోలిబియా ఇంకా నాజూకు. నడుము కాడ రోపాలిడియా కన్నా పొడవు, పొట్ట ఖండాలు లోపలికి దాక్కోవు, మొత్తం మీద లేత పసుపు గోధుమ రంగుల్లో సాగదీసినట్టు కనిపిస్తుంది.

పెద్ద కందిరీగలు, అంటే వెస్పా ప్రజాతివి, వీటితో కలిసిపోయే ప్రమాదం తక్కువే గాని అందరూ మొదట భయపడేది వాటికే. వెస్పాకు నడుము దగ్గర పొట్ట నిలువుగా తెగ్గొట్టినట్టు మొదలవుతుంది. తల వెనక భాగం చాలా వెడల్పు. మిఠాయి దుకాణాల్లో, చెరకురసం బండ్ల దగ్గర తచ్చాడే ఎర్రగోధుమ రంగుది వెస్పా ఓరియెంటాలిస్. నల్లటి ఒంటి మీద, పొట్ట ముందు భాగంలో వెడల్పాటి పసుపు నారింజ పట్టీ ఉండేది వెస్పా ట్రోపికా. రెండోది కాగితపు కందిరీగల పాలిట యముడు. తుట్టె మీద వాలి గదుల్లోంచి పిల్లలను ఒక్కొక్కటిగా లాగి తినేస్తుంది. రోపాలిడియాలు పెద్దగా ఎదిరించలేవు, పక్కకు తప్పుకుని చూస్తుంటాయి. గదులు చిరిగి ఖాళీగా వేలాడే తుట్టె కనిపిస్తే మనుషులే పాడుచేశారని అనుకోవద్దు, ఇదీ కారణం కావచ్చు.

ఆడ మగ తేడా కూడా ఫొటోలో పట్టుకోవచ్చు. ఆడదానికి మీసంలో 12 ఖండాలు, మగదానికి 13. పొట్టలో బయటికి కనిపించేవి ఆడదానికి ఆరు, మగదానికి ఏడు. ఇవన్నీ తోటలో లెక్కపెట్టే పని కాదు, కంప్యూటర్‌లో ఫొటో పెద్దది చేసుకుని చూసేవి. పోలిస్టిస్ మగవాటిని తేలిగ్గా పట్టించేది ముఖం. లేత పసుపు రంగులో, బల్లపరుపుగా ఉంటుంది. చాలా జాతుల్లో మీసాల కొసలు కూడా వంకీ తిరిగి ఉంటాయి. మగవి కుట్టలేవు, ముల్లు ఆడవాటికే ఉంటుంది. అలాగని ముఖం చూసి నిర్ధారించుకుని చేత్తో పట్టుకునే సాహసం మాత్రం ఎవరికీ సిఫారసు చేయను.

ఇంకో చిన్న సంగతి. పోలిస్టిస్ పొట్ట ఖండాల మధ్య నుంచి గోధుమరంగు బుడిపెలు తన్నుకొచ్చినట్టు ఫొటోలో కనిపిస్తే మచ్చ అనుకుని చెరిపేయకండి. అది స్ట్రెప్సిప్టెరా అనే పరాన్నజీవి. పురుగు ఒంట్లోనే పెరిగి, తలభాగం మాత్రం ఖండాల సందులోంచి బయటపెడుతుంది. అలాంటి ఫొటో పది అందమైన ఫొటోల కన్నా విలువైనది.

తుట్టెనూ చదవాలి

1719లో ఫ్రెంచి శాస్త్రవేత్త రెయోమూర్ కందిరీగలను చూపించి, గుడ్డపీలికలు లేకుండా చెక్కతోనే కాగితం చేయవచ్చని అక్కడి అకాడమీకి చెప్పాడు. ఆయన చూసినదే మనమూ చూడవచ్చు. ఎండకూ వానకూ నెరిసిన పాత తలుపు, కంచె గుంజ, వెదురు బద్ద దగ్గర కాసేపు నిలబడితే ఒక కందిరీగ వాలి, దవడలతో పీచు గీకుతూ వెనక్కి వెనక్కి నడుస్తుంది. గీకిన చోట లేతరంగు గీత పడుతుంది. పీచును లాలాజలంతో కలిపి ముద్ద చేసుకుని పోయి గది అంచుకు పూస్తుంది. వేర్వేరు చెక్కలు గీకితే తుట్టెలో వేర్వేరు రంగుల చారలు వస్తాయి.

కాగితపు కందిరీగల తుట్టెకు సాధారణంగా బయటి కవచం ఉండదు. గదులు కంటికి కనిపిస్తాయి. మొత్తం తుట్టెను ఒక సన్నటి కాడ మోస్తుంది. ఆ కాడ అంత సన్నగా ఎందుకుందంటే, నడిచివచ్చే చీమలకు అది ఒక్కటే దారి. తల్లి కందిరీగ పొట్ట కొసను కాడకు రుద్ది, చీమలు దాటడానికి జంకే స్రావాన్ని పూస్తుంది. కాడ నల్లగా నిగనిగలాడేది అందుకే. ఆ రుద్దే క్షణం దొరికితే వీడియో తీయండి, ఒక్క ఫొటోలో ఆ పని అర్థం కాదు. పెద్ద కందిరీగల్లో వెస్పా అఫినిస్ వంటివి మాత్రం తుట్టె చుట్టూ కాగితపు పొరలతో పెద్ద బుంగ కడతాయి. బయటి నుంచి గదులేవీ కనబడని, ఒకే రంధ్రం ఉన్న గూడు చెట్టుకు వేలాడుతుంటే ఫొటో ఆలోచన మానుకుని దూరంగా పోవడమే మంచిది. అందులో వందలుంటాయి.

తుట్టె వెనకవైపు కూడా సాక్ష్యం ఉంది. లార్వా ప్యూపాగా మారే ముందు అప్పటిదాకా కడుపులో దాచుకున్న మలాన్ని ఒక్కసారే గది అడుగున వదులుతుంది. పోలిస్టిస్ గదుల్లో అది నల్లటి గడ్డగా అక్కడే ఎండిపోతుంది. రోపాలిడియా, పారాపోలిబియా దాన్ని ఉంచనివ్వవు. గది అడుగుకు వెనకనుంచి కన్నం పెట్టి, మలాన్ని లాగిపారేసి, కన్నాన్ని మళ్లీ మాసికవేసినట్టు కాగితంతో మూసేస్తాయి. వదిలేసిన పాత తుట్టె దొరికితే తిరగేసి, వెలుతురుకు పట్టి చూడండి. కట్టినవాళ్లు వెళ్లిపోయాక కూడా ప్రజాతి తెలుస్తుంది.

తుట్టె మీద ఎవరు రాణి అన్నది ఫొటో చెప్పలేని సంగతుల్లో మొదటిది. తేనెటీగల్లా రాణి పెద్దగా, వేరే ఆకారంలో ఉండదు. అందరినీ తోసుకుంటూ తిరిగేదే రాణి అయి ఉంటుందని మనం ఊహిస్తాం. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్కర్, ఆయన విద్యార్థులు రోపాలిడియా మార్జినేటాలకు రంగు చుక్కలు పెట్టి ఒక్కొక్కదాన్నీ గుర్తుపడుతూ దశాబ్దాలపాటు గమనించారు. తేలినదేమిటంటే, ఆ జాతిలో రాణి అందరికన్నా సాధువు. ఎవరి జోలికీ పోదు. పొట్టను తుట్టెకు రుద్దుతూ వాసనతోనే తన ఉనికి తెలియజేస్తుంది. ఆ రాణిని తీసేస్తే కూలీల్లో ఒకటి నిమిషాల్లోనే విపరీతంగా దూకుడు చూపడం మొదలుపెడుతుంది. తర్వాతి రాణి అదే. అదే ప్రజాతిలోని రోపాలిడియా సయాథిఫార్మిస్‌లో రాణి దూకుడుగానే ఉంటుంది. కాబట్టి తుట్టె ఫొటో కింద ఏదో ఒకదానికి బాణం గుర్తు వేసి “రాణి” అని రాసేముందు కాస్త ఆగాలి. గుడ్డు పెడుతుండగా చూస్తే తప్ప ఆ మాట రాయకూడదు.

కెమెరా సంగతి

ఫొటో మొదలుపెట్టడానికి తుట్టె సరైన చోటు కాదు. మేతకు వచ్చిన కందిరీగ దగ్గర మొదలుపెట్టాలి. రేగు పూత, కరివేపాకు పూత, గింజకు వదిలేసిన కొత్తిమీర పూత దగ్గర ఉదయం ఎండ కాస్త ముదిరాక తప్పకుండా వస్తాయి. వేసవిలో నీటితొట్టి అంచు మీద బారులు తీరుతాయి. ఆ నీళ్లు తాగడానికే కాదు, తుట్టెను చల్లబరచడానికి కూడా. చెక్క గీకుతున్నది, గొంగళిపురుగును ముద్ద చేస్తున్నది అయితే మరీ మంచిది. పనిలో మునిగి నిమిషాల తరబడి ఒకేచోట ఉంటుంది, చేత్తో నొక్కితే తప్ప కుట్టదు.

మాక్రో లెన్సు, అంటే చిన్నవాటిని దగ్గరగా పెద్దగా తీసే లెన్సు, కొనేవారు పెట్టె మీద రాసిన కనీస ఫోకస్ దూరం చూసి మోసపోతుంటారు. 30 సెంటీమీటర్లు అని ఉంటే అది కెమెరా లోపలి సెన్సార్ నుంచి కొలిచిన దూరం. లెన్సు మూతి నుంచి పురుగుకు మిగిలేది అందులో సగమే. ఇక్కడ మనకు కావలసింది ఆ మిగిలే దూరమే. 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉన్న మాక్రో లెన్సులు సరిపోతాయి. 50, 60 మిల్లీమీటర్లవి పూలకు మంచివే, కందిరీగలకు మరీ దగ్గర. ఇప్పటికే ఉన్న 70-300 జూమ్ లెన్సుకు మంచి క్లోజప్ అద్దం తగిలించుకుంటే తక్కువ ఖర్చులో ఇంకా దూరంగా నిలబడవచ్చు. ఫోనులో మాక్రో మోడ్ నొక్కగానే చాలా ఫోన్లు వెడల్పు లెన్సుకు మారి, రెండు మూడు సెంటీమీటర్ల దాకా దగ్గరికి తీసుకుపోతాయి. తుట్టె దగ్గర ఆ మోడ్ వాడొద్దు. రెండు రెట్లో మూడు రెట్లో జూమ్ పెట్టి అడుగు దూరం నుంచి పువ్వు మీది కందిరీగను తీసి, తర్వాత కత్తిరించుకోండి.

ఫోకస్ పలచదనం అందరినీ ఏడిపించేదే. పురుగును సెన్సార్ మీద సగం సైజులో పడేలా ఎఫ్/8తో (లెన్సులోని రంధ్రం, అంటే ఎపర్చర్, ఎంత తెరిచి ఉందో చెప్పే అంకె; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు సుమారు రెండు మిల్లీమీటర్లు. నిజమైన సైజుకు వెళ్లి ఎఫ్/11 పెట్టినా ఒక మిల్లీమీటరు దాటదు. ఎపర్చర్ ఇంకా మూసేస్తే లోతు పెరిగేమాట నిజమే గాని వెలుతురు చెదిరి మొత్తం చిత్రం మెత్తబడుతుంది. దీనికి మందు కెమెరాలో కన్నా మన నిలబడే తీరులో ఉంది. పురుగు ఒడ్డూ పొడవూ కెమెరా వెనక భాగానికి సమాంతరంగా ఉండేలా పక్కకు జరగాలి. పక్కనుంచి తీసేటప్పుడు కన్ను, నడుము, పొట్ట కొస మూడూ ఒకే తలంలోకి వస్తే రెండు మిల్లీమీటర్లే చాలు. ఏటవాలుగా నిలబడి తీస్తే పది మిల్లీమీటర్లున్నా చాలవు. అలా తీసిన ఫొటోలో కన్ను పదునుగా ఉంటుంది, పేరు చెప్పే నడుము మసకబారుతుంది. చూడటానికి బాగుండే ఆ ముప్పావు కోణమే గుర్తింపుకు అన్నిటికన్నా పనికిరానిది.

పసుపు రంగు కెమెరాను తప్పుదారి పట్టిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ చానళ్లు రెండూ నిండిపోయి, మొత్తం వెలుతురు సరిగానే ఉన్నట్టు చూపిస్తూనే పోలిస్టిస్ ఒంటి మీది సన్నటి గీతలను తుడిచేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక అరమెట్టు తగ్గించి, హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో వెలుతురు ఎలా పరుచుకుందో కెమెరా చూపించే గ్రాఫు) ఎరుపును విడిగా చూసుకోవాలి. రోపాలిడియాతో తంటా మరోలా ఉంటుంది. ముదురు ఒళ్లు నేరుగా పడిన ఫ్లాష్‌కు తళుక్కుమని మెరిసి, ఎరుపు గోధుమలు రెండూ నల్లగా తేలతాయి. ఫ్లాష్‌కు ముందు తెల్లటి పలచని వస్త్రమో, డిఫ్యూజరో పెద్దదిగా అడ్డం పెడితే మెరుపు మెత్తబడి అసలు రంగు బయటపడుతుంది. ఆకుల నీడలో తీస్తే ఒళ్లంతా పచ్చటి ఛాయ పడుతుందని గుర్తుంచుకుని, తెల్ల కాగితం ముక్క ఒకటి అదే వెలుతురులో తీసి ఉంచుకుంటే రంగు సరిచేసుకోవచ్చు.

ఒకే పురుగువి నాలుగు ఫొటోలు ఉండాలి: పక్కనుంచి, నేరుగా పైనుంచి, ఎదురుగా ముఖం, వీలైతే రెక్కలు విప్పినప్పుడు. ముఖం ఫొటోను చాలామంది వదిలేస్తారు. ఉత్తర అమెరికాలోని పోలిస్టిస్ ఫుస్కాటస్ కందిరీగలు ఒకదాన్నొకటి ముఖం చూసే గుర్తుపడతాయని ఎలిజబెత్ టిబెట్స్ పరిశోధనలు చూపించాయి. ఆ జాతిలో ఏ రెండు ముఖాలూ ఒకలా ఉండవు. వాటికే అంత పనికొచ్చే ముఖాన్ని మనం తీయకపోవడం అన్యాయం. అమెరికాలో ఉంటున్న తెలుగువారికి పెరటిలో ఎక్కువగా ఎదురయ్యేది మాత్రం యూరప్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన పోలిస్టిస్ డొమినులా. దాన్ని అక్కడి నేలగూళ్ల పసుపు కందిరీగలనుకుని కంగారుపడతారు. మీసాలు నారింజ రంగులో ఉండి, ఎగిరేటప్పుడు కాళ్లు వేలాడుతుంటే అది డొమినులానే.

తుట్టె దగ్గర

కాస్త అనుభవం వచ్చాకే తుట్టె. రెండు మీటర్ల దూరంలో, వాటి రాకపోకల దారికి పక్కగా నిలబడి ముందు ఊరికే చూడాలి. మామూలుగా ఉన్నప్పుడు గదుల్లోకి తలలు దూర్చి, ఒకదాన్నొకటి మీసాలతో తడుముకుంటూ ఉంటాయి. మనం ఎక్కువ దగ్గరైతే మొదట ఒకటి పని ఆపి మనవైపు తిరుగుతుంది. తర్వాత కాళ్ల మీద ఒళ్లు పైకెత్తుతుంది. రెక్కలు ఇరుపక్కలా లేస్తాయి. ఆ దశలో తుట్టె మీద ఉన్నవన్నీ మనవైపే చూస్తుంటాయి. ఇంతకన్నా స్పష్టంగా ఏ జంతువూ హెచ్చరించదు. నెమ్మదిగా రెండడుగులు వెనక్కు వేస్తే నిమిషంలో సర్దుకుంటాయి. చెయ్యి విసిరితే సర్దుకోవు. కొన్ని జాతుల్లో కుట్టినప్పుడు వెలువడే విషపు వాసనే మిగతావాటికి పిలుపు.

వాటిని రేపేది మనం కనబడటం ఒక్కటే కాదు. తుట్టె ఉన్న కొమ్మ కదలడం, ముఖం మీద పడే మన ఊపిరి, ఒక్కసారిగా మీద పడిన నీడ అంతకన్నా ప్రమాదం. కొమ్మను వంచి తుట్టెను వెలుతురులోకి తిప్పడం, నోటితో ఊది రెక్కలు లేపించడం వంటి చిట్కాలు చెప్పేవారి మాట వినకండి. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి, మొద్దుబారాక తీసే పద్ధతి కూడా ఉంది. ఫొటో పదునుగా వస్తుంది, కాళ్లూ మీసాలూ ముడుచుకుని శవంలా ఉంటుంది. తెల్లవారుజామున చల్లదనానికి అవే మందకొడిగా ఉంటాయి కాబట్టి ఆ అవసరమే లేదు. అయితే ఆ వేళలో ఇంటిల్లిపాదీ తుట్టె మీదే ఉంటారన్నది మరిచిపోకూడదు. చూరు కింది తుట్టె కోసం నిచ్చెన ఎక్కడం ఎవరికీ మంచిది కాదు. ఒక్క కందిరీగ ముఖం మీదికి వస్తే చాలు, కుట్టు కన్నా పడిన దెబ్బ పెద్దదవుతుంది.

కందిరీగ ముల్లుకు తేనెటీగ ముల్లులాంటి పెద్ద రంపపు పళ్లు ఉండవు, ఒంట్లో ఇరుక్కోదు. ఒకటే మళ్లీ మళ్లీ కుట్టగలదు. కుట్టిన చోట కడిగి, చల్లటి నీళ్లో మంచుగడ్డో పెడితే చాలామందికి వాపూ నొప్పీ తగ్గిపోతాయి. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులూ గొంతూ వాచడం, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం మొదలైతే మాత్రం ఇంటి వైద్యానికి సమయం లేదు. 108కి ఫోను చేయాలి. ఇంతకుముందు ఒకసారి అలా జరిగినవారు తుట్టెల ఫొటోల జోలికి పోకపోవడమే సరి.

పేరు ఎక్కడ ఆగాలి

ఇంత చేసినా చాలా ఫొటోలకు జాతి పేరు రాదు. రోపాలిడియాలో ప్రపంచం మొత్తం మీద 150 పైచిలుకు, పోలిస్టిస్‌లో 200 పైచిలుకు జాతులున్నాయి. మన దేశపు కందిరీగలకు బింగ్‌హామ్ 1897లో, దాస్, గుప్తా 1989లో గుర్తింపు పట్టికలు రాశారు. అవి సూదికి గుచ్చిన నమూనాను సూక్ష్మదర్శిని కింద తిప్పి చూసేవారి కోసం తయారైనవి. వక్షం పక్కన ఒక సన్నటి గట్టు ఉందా లేదా, వీపు మీది గుంటలు ఎంత ఎడంగా ఉన్నాయి వంటి ప్రశ్నలతో నడుస్తాయి. మంచి మాక్రో ఫొటోలో వీటిలో కొన్ని దొరుకుతాయి, కొన్ని ఎప్పటికీ దొరకవు. అలాంటప్పుడు “రోపాలిడియా, జాతి తేలలేదు” అని రాసి వదిలేయడమే నిజాయితీ.

ఫొటో చూసి పేరు సూచించే యాప్‌లు ఇక్కడే తొందరపడతాయి. వాటికి ఎక్కువగా నేర్పినవి అమెరికా, యూరప్ ఫొటోలు కాబట్టి నెల్లూరు పోలిస్టిస్‌కు ఏ ఫ్రాన్సు జాతి పేరో తగిలించవచ్చు. సూచనను ఒప్పుకునే ముందు ఆ జాతి మన దేశంలో ఉన్నట్టు నమోదై ఉందా అని పటం చూడటానికి అరనిమిషం పడుతుంది. జీవుల ఫొటోలు నమోదుచేసే వెబ్‌సైట్లయిన ఐనాచురలిస్ట్‌లోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టేటప్పుడు నాలుగు కోణాల ఫొటోలతోపాటు తేదీ, ఊరు, తుట్టె నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, ఆకుకు ఉందా గోడకు ఉందా, ఒక పొరా రెండు మూడా, సుమారు ఎన్ని గదులు, పురుగు నోట్లో ఏముంది అన్నవి రాయండి. అదే తుట్టెను రెండు వారాల తర్వాత అదే చోటి నుంచి మరోసారి తీసి జతచేస్తే గదులు ఎంత పెరిగాయో, మగవి కనబడుతున్నాయో లేదో కూడా చూసేవారికి తెలుస్తుంది.